టేపు వెనక్కి తిప్పమ్మా

(మానసిక వైద్యం, కౌన్సెలింగ్ చదువుతున్న విద్యార్థుల ముందు చేసిన స్మారకోపన్యాసం. అచ్చు కోసం కొద్దిగా సవరించాను.)



ఎవరి జ్ఞాపకంగా మనం ఇక్కడ కూర్చున్నామో ఆయనే ఇవాళ ఈ సభకు వచ్చి ఉంటే, ముందు వరసలోకి రమ్మని ఎంత బతిమాలినా వచ్చేవారు కాదు. తలుపు పక్కన కుర్చీ చూసుకుని, గొడుగు కాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చునేవారు. ఉపన్యాసం బాగా లేకపోతే చప్పుడు చెయ్యకుండా లేచి వెళ్ళిపోవడానికి అదే వీలైన చోటు అనేవారు. ఆయన పేరు ఆహ్వాన పత్రం మీద ఉంది కాబట్టి నేను మళ్ళీ చెప్పను. ముప్పై ఏళ్ళు ‘సార్’ అని పిలిచిన నోటికి ఇంకో పేరు తిరగదు.

మానసిక ఆరోగ్య వృత్తి శిక్షణలో సాంకేతికత గురించి మాట్లాడమని నిర్వాహకులు ఫోన్ చేసినప్పుడు నవ్వొచ్చింది. సార్ చేతివాచీకి తాళం ఇవ్వడం కూడా మరిచిపోయే మనిషి. ఈమెయిల్ వస్తే అటెండరు చేత అచ్చు వేయించుకుని చదివేవారు. అయితే ఫోన్ పెట్టేశాక తట్టింది, యంత్రాన్ని శిక్షణకు వాడటం ఎలాగో నాకు చూపించింది కూడా ఆయనే. ఆయన దగ్గరున్న సరంజామా అంతా ఒక టూ-ఇన్-వన్, ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు.

ఒక సంఘటన చెబుతాను. రోగి ఊరు, వయసు, చుట్టరికాలు మార్చేశాను. మాట మాత్రం మార్చలేదు.

నేను శిక్షణలో చేరి నాలుగైదు నెలలైంది. ఒక నడివయసు ఆవిడ వచ్చింది. “కడుపులో బండ పెట్టినట్టుందమ్మా” అంది. నేను ముప్పావు గంట మాట్లాడి, ఇంగ్లీషులో చక్కటి కేసు షీటు రాశాను. శారీరక ఫిర్యాదులు, నిద్రలేమి, ఆకలి తగ్గడం, వ్యవధి ఎనిమిది నెలలు. సార్ కాగితం చదివి, “బాగా రాశావు. ఆవిడేమంది?” అన్నారు. “అదే రాశాను సార్” అన్నాను. “ఇది నువ్వన్నది. ఆవిడేమంది?”

తరవాతి వారం ఆవిడ ఒప్పుకున్నాక మాటలు క్యాసెట్‌లోకి ఎక్కించాం. సాయంత్రం సార్ గదిలో కూర్చుని విన్నాం. నా గొంతు నాకే పరాయిగా, కాస్త పొగరుగా వినిపించింది. నేను అడుగుతున్నాను, “నొప్పా అమ్మా, మంటా?” ఆవిడ అంటోంది, “నొప్పి కాదమ్మా, వాడు...” వెంటనే నేను, “రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?”

సార్ ఆపమన్నారు. “టేపు వెనక్కి తిప్పమ్మా.” తిప్పాను. “మళ్ళీ.” మూడోసారి విన్నాక నాకు చెమటలు పట్టాయి. ‘వాడు’ అన్న మాట ఆవిడ నోటి నుంచి వచ్చింది, గదిలో పడింది, నేను దాని మీదుగా నడిచి వెళ్ళిపోయాను. మొదటి వారం కూడా అని ఉంటుంది, రెండుసార్లో మూడుసార్లో. నా కేసు షీటులో ఆ మాట లేదు. ఇంగ్లీషులో రాస్తే ఉండే వీలు కూడా లేదు. మన భాషలో ‘ఆయన’ వేరు, ‘అతను’ వేరు, ‘వాడు’ వేరు. ఎనిమిది నెలలుగా కడుపులో బండ మోస్తున్న ఆడమనిషి ‘వాడు’ అని ఆగిందంటే, ఆ వాడు కన్నవాడో, తోడబుట్టినవాడో, చేతుల మీద పెంచినవాడో, లేక పేరెత్తడానికి కూడా ఇష్టం లేనివాడో అయి ఉండాలి. రోగం చరిత్రంతా ఆ రెండక్షరాల్లో ఉంది.

మళ్ళీ మంగళవారం ఆవిడ వచ్చినప్పుడు, “మొన్న వాడు అన్నారు, ఎవరమ్మా?” అని అడిగాను. ఆ తరవాతి ముప్పావు గంటలో నేను అడిగిన ప్రశ్నలు మొత్తం రెండు.

నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా దాదాపు ఇదే. మిగతాది దీని చుట్టూ అల్లిక.

సార్ చేసింది ఆయన కనిపెట్టిన పని కాదు, దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1912లో ఫ్రాయిడ్ వైద్యులకు ఇచ్చిన సలహాల్లో, రోగి మాట్లాడుతుండగా రాసుకోవద్దన్నారు. రాసుకోవడం మొదలుపెడితే ఏది రాయాలో ఎంచుకుంటాం, ఎంచుకుంటూ వినడం మానేస్తాం అని ఆయన భయం. సాయంత్రం జ్ఞాపకం నుంచి రాసుకుంటే చాలన్నారు. భయం నిజమైనదే. కానీ దాంతో నేర్చుకునేవాడు గురువు ముందు పెట్టేది తన జ్ఞాపకాన్నే అయింది. మన జ్ఞాపకం మనకు వకీలు లాంటిది, మనకు అనుకూలంగానే వాదిస్తుంది.

ఆ అలవాటును విరగ్గొట్టినవారిలో ముందు చెప్పుకోవలసింది కార్ల్ రోజర్స్ పేరు. 1940ల మొదట్లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఆయన, ఆయన విద్యార్థులు కౌన్సెలింగ్ సంభాషణలను గ్రామఫోన్ రికార్డుల మీద చెక్కారు. అప్పటికి చేతికందే టేపు లేదు. ఒక పక్క కొద్ది నిమిషాలకే నిండిపోయేది. రెండు యంత్రాలు పెట్టుకుని, ఒకటి నిండుతుండగా రెండోది తిప్పుతూ, ఒక్క మాట జారిపోకుండా పట్టుకోవాలి. ఆ కష్టం ఫలితంగా 1942లో వచ్చిన పుస్తకంలో ఒక వ్యక్తితో జరిగిన ఎనిమిది సమావేశాలూ మాటకు మాట, ప్రతి మాటకూ అంకె వేసి అచ్చయ్యాయి. మానసిక చికిత్స గదిలో ఏం జరుగుతుందో బయటివాళ్ళు తీరిగ్గా చదవగలగడం అప్పటికి కొత్త సంగతి. ఆయన విద్యార్థి బెర్నార్డ్ కోవ్నర్ ఇంకో పని చేశారు. కౌన్సెలర్లు తరవాత రాసిన నివేదికలను రికార్డుల పక్కన పెట్టి పోల్చి చూశారు. గదిలో నడిచిన సంభాషణలో చాలా భాగం నివేదికకు చేరకుండా రాలిపోయిందని తేలింది. నా ‘వాడు’ రాలిపోయిన చోటే అది కూడా.

ఇరవై ఏళ్ళ తరవాత మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో నార్మన్ కేగన్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. అప్పటికి వీడియో వచ్చింది. ఉపన్యాసకులకు వాళ్ళ వీడియో వాళ్ళకే చూపిస్తే, ఆ క్షణంలో మనసులో మెదిలి బయటికి రానివన్నీ గుర్తుకొస్తున్నాయని ఆయన గమనించారు. దాన్ని కౌన్సెలింగ్ శిక్షణలోకి తెచ్చారు. ఆ పద్ధతిలో నాకు నచ్చేది ఏమిటంటే, బొత్తం విద్యార్థి చేతిలో ఉంటుంది. ఎక్కడ ఆపాలో విద్యార్థే చెప్పాలి. పక్కన కూర్చున్న మనిషి తప్పులు ఎంచడు, “అప్పుడు మీ మనసులో ఏముంది?” అని అడుగుతాడు, అంతే. సార్ బొత్తం నా చేతికి ఇచ్చినా ఎక్కడ నొక్కాలో తనే చెప్పేవారనుకోండి. కేగన్ గారు చూస్తే మార్కులు తగ్గించేవారు.

కుటుంబ చికిత్స వాళ్ళు ఒకవైపు నుంచే కనిపించే అద్దం పెట్టారు. ఫిలడెల్ఫియాలో సాల్వడోర్ మినూచిన్ బృందం అద్దం వెనక గురువుల్ని కూర్చోబెట్టి, అవసరమైతే గదిలోకి ఫోన్ చేయించేది. మనవైపు ఒక్క రోగితో మేనమామ, పెద్దత్త, పక్కింటి పెద్దమనిషి కూడా వస్తారు కనుక మనకు కావలసింది ముందు పెద్ద గది. అద్దం సంగతి తరవాత.

ఇక మన దగ్గరికి వద్దాం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మంది ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వైద్యం అందనివారి వాటా సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉంది. ఇంత మందికి తగినంత సిబ్బందిని పాతకాలపు గురుకుల పద్ధతిలో తయారుచెయ్యడం అయ్యే పని కాదు. అందుకే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2018లో డిజిటల్ అకాడమీ పెట్టింది. దానికి ముందే, అమెరికాలో న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా హెపటైటిస్-సి కోసం 2003లో మొదలుపెట్టిన ‘ఎకో’ పద్ధతిని తెచ్చి, బెంగళూరులో కూర్చున్న నిపుణులు జిల్లాల్లోని వైద్యులతో వీడియోలో వారం వారం కేసులు చర్చించే ఏర్పాటు చేసింది. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజే, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. 2022 అక్టోబరు 10న టెలి-మానస్ మొదలైంది. 14416 నొక్కితే తెలుగులో మాట్లాడే కౌన్సెలరు పలుకుతారు. వాళ్ళలో మన విద్యార్థులూ ఉన్నారు.

వీటిలో ఏదీ నేను తీసిపారేయను. అనంతపురం నుంచి, చిత్తూరు నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి నిమ్హాన్స్ ఓపీ వరసలో నిలబడే తెలుగువాళ్ళను చూసినవాళ్ళెవరూ తీసిపారేయలేరు. నా పేచీ వేరు. మనం ఈ సౌకర్యాన్నంతా ఏ దిక్కుకు తిప్పి పెట్టాం? పైనుంచి కిందికి. ఒక గురువు నోరు వెయ్యి ఊళ్ళకు చేరింది, సంతోషం. ఆ వెయ్యి ఊళ్ళలో శిష్యుడు రోగితో ఎలా మాట్లాడుతున్నాడో ఒక్క గురువు చెవికైనా చేరిందా? ‘ఎకో’ పద్ధతి ఉన్నంతలో మెరుగు, ఎందుకంటే అక్కడ శిష్యుడు కూడా నోరు విప్పుతాడు. అయినా అతను చెప్పేది కేసు కథే. కథ చెప్పడంలో మనమంతా గట్టివాళ్ళమే. నేనూ మొదటి వారం సార్‌కి చక్కటి కథే చెప్పాను.

ఆన్‌లైన్ కోర్సుల్లో వీడియో పూర్తిచేస్తే ఆకుపచ్చ టిక్కు వస్తుంది, పది ప్రశ్నలకు జవాబిస్తే సర్టిఫికెట్ వస్తుంది. ఒక సంస్థలో, పేరెందుకు, ఒకే గదిలో ఆరుగురు కూర్చుని ఒక్క కంప్యూటర్‌లో పాఠం నడిపించి ఆరు సర్టిఫికెట్లు తీసుకోవడం నేను కళ్ళారా చూశాను. మధ్యలో టీ కూడా వచ్చింది. వాళ్ళను తిట్టాలనిపించలేదు. పాఠం వాళ్ళనేమీ అడగలేదు, వాళ్ళూ పాఠాన్ని పట్టించుకోలేదు.

మన నేల మీదే జరిగిన ఒక పని చెబుతాను. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చారు. ఆశా ఇంటికి వెళ్ళి దిగులు, ఆందోళన గురించిన ప్రశ్నలు అడిగి జవాబులు నొక్కుతుంది. తేడా కనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పొమ్మంటుంది. అక్కడి డాక్టరుకు కూడా ఏం చెయ్యాలో అంచెలంచెలుగా చెప్పే ఏర్పాటు ట్యాబ్‌లో ఉంటుంది. ఊళ్ళలో ఈ జబ్బుల మీద ఉన్న చిన్నచూపు పోగొట్టే ప్రచారమూ చేశారు. 2017లో వెలువడిన ఫలితాల్లో గిరిజన గ్రామాల లెక్క ఇది. డాక్టరు దగ్గరికి పంపవలసినవాళ్ళుగా 238 మంది తేలారు. వాళ్ళలో అంతకుముందు డాక్టరును చూసినవాళ్ళు ఇద్దరు. తరవాత చూసినవాళ్ళు 30 మంది.

ఇద్దరి నుంచి ముప్పైకి రావడం చిన్న సంగతి కాదు. ఆ పని చేసిన ఆశాలకు నా దండం. కానీ నేను శిక్షణ ఇచ్చేదాన్ని కదా, నా కళ్ళు మిగిలిన 208 మంది మీదికి పోతాయి. ఆశా “పీహెచ్‌సీకి వెళ్ళమ్మా” అన్నప్పుడు గడపలో నిలబడ్డ మనిషి ఏమంది? “అట్టాగే పోతాలే” అందా? “నాకేం పిచ్చా?” అందా? కూలి పోతుందనిందా, ఏమీ అనకుండా చీర కొంగు సర్దుకుందా? దానికి ఆశా ఏమని జవాబిచ్చింది? ట్యాబ్‌లో అంకె ఉంటుంది, ఆ మాటలుండవు. ఆ అధ్యయనానికి వాటితో పని లేదు, తప్పు పట్టడం లేదు. అయితే ఆశాకు నేర్పవలసిందంతా ఆ గడప దగ్గరే ఉంది. పాఠాల్లో వెతికితే దొరకదు.

మధ్యప్రదేశ్‌లోని సెహోర్ జిల్లాలో సంగాత్ అనే సంస్థ వాళ్ళు ఈ సంగతి పట్టుకున్నట్టు నాకనిపిస్తుంది. డిప్రెషన్‌కు చిన్న చికిత్స చెయ్యడం ఆశాలకు నేర్పుతూ మూడు పద్ధతులను పోల్చారు. ఒక జట్టుకు ఫోన్‌లోనే పాఠం. ఇంకో జట్టుకు ఫోన్‌లో పాఠంతో పాటు మధ్యమధ్య ఒక మనిషి పలకరింపు. మూడో జట్టుకు మామూలు తరగతి గది. మనిషి పలకరింపును కూడా ఒక పద్ధతిగా లెక్కలోకి తీసుకోవడం నాకు నచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి తెచ్చిన ‘ఈక్విప్’ ఇంకాస్త ముందుకెళ్ళింది. అక్కడ నేర్చుకునేవారు ఒక వేషం కట్టిన రోగితో మాట్లాడాలి. పక్కన ఒకరు గమనిస్తూ మార్కులు వేస్తారు. నాలుగు మెట్లుంటాయి, అట్టడుగు మెట్టు ‘హాని చేసే అవకాశం’. తెలియకపోవడం ఒకటి, హాని చెయ్యడం ఇంకొకటి అని విడదీసి చూపిన కొలబద్దలు మన చదువుల్లో ఎన్ని ఉన్నాయి?

వేషం కట్టిన రోగి అంటే గుర్తొచ్చింది. ఇప్పుడు విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగేది ఏఐ రోగుల గురించి. వింతేమీ లేదు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రామ్ రాశాడు. అది రోజర్స్ పద్ధతి కౌన్సెలరులా రోగి మాటనే తిప్పి ప్రశ్న వేసేది. సొంత కార్యదర్శి దానితో మాట్లాడుతూ, కాసేపు గది బయటికి వెళ్ళమని తననే అడిగిందని ఆయన తరవాత రాసుకున్నాడు. 1972లో కెనెత్ కోల్బీ అనే సైకియాట్రిస్టు దీన్ని తిరగేసి, అనుమాన రోగం ఉన్న మనిషిలా మాట్లాడే ప్యారీ అనే యంత్రరోగిని తయారుచేశాడు. సంభాషణల కాగితాలు ఇస్తే ఏది మనిషో ఏది యంత్రమో సైకియాట్రిస్టులు సరిగ్గా పోల్చుకోలేకపోయారు. అదే ఏడాది ఎలైజా డాక్టరునూ ఈ రోగినీ తీగల మీద కలిపి మాట్లాడించారు కూడా. ఓపీలో నాకు అలాంటి సంభాషణలు మనుషుల మధ్యే చాలా వినిపించాయి, ఇద్దరూ మాట్లాడతారు, ఎవరూ వినరు.

యంత్రరోగి ఒక పనికి అక్కరకొస్తుంది, ఆ ప్రశ్న అడగడానికి. “చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?” ఈ మాట మొదటిసారి అడిగేటప్పుడు ప్రతి విద్యార్థికీ నాలుక మడత పడుతుంది. చుట్టూ తిరుగుతారు, “నెగెటివ్ ఆలోచనలేమైనా...” అంటారు. రోగికి ఆ ఇంగ్లీషు అర్థం కాదు, అర్థమైనా అడిగేవాడి భయం ముందు అర్థమవుతుంది. యంత్రంతో ఇరవైసార్లు అడిగి చూస్తే నాలుక తడబాటు పోతుంది. అడిగి తప్పుచేసినా పోయే ప్రాణం లేదు. అంతవరకు మంచిదే. కానీ నేను ప్రయత్నించి చూసిన యంత్రరోగులు మాట్లాడే తెలుగు ఎలా ఉందంటే, “నేను గత కొన్ని వారాలుగా నిస్సహాయతను అనుభవిస్తున్నాను” అంటాయి. శ్రీకాకుళం నుంచి నల్గొండ దాకా ఏ మనిషీ నాతో నిస్సహాయతను అనుభవిస్తున్నానని అనలేదు. “మనసొప్పడం లేదు”, “బెంగగా ఉంది”, “ఒళ్ళంతా గుంజేస్తోంది”, “గాలి సోకిందంటున్నారు”, “ఎందుకీ బతుకు” అన్నారు. పుస్తకం రోగితో సాధన చేసినవాడికి నిజం రోగి మాట ఇంకా దూరమవుతుంది. మాటను అక్షరాల్లోకి దించే యంత్రాలదీ ఇదే వరస. ప్రాంతీయ యాసలో, ఏడుపులో, గొణుగుడులో వచ్చిన మాటను తప్పు రాస్తాయి, లేదంటే వదిలేస్తాయి. ‘నొప్పి కాదమ్మా, వాడు’ అన్నది ఏ యంత్రమైనా అక్షరాల్లో పెట్టొచ్చు. ‘వాడు’ తరవాత ఉన్న ఆ ఖాళీని పెడుతుందా?

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న ఉంది, దాన్ని దాటవెయ్యను. రికార్డు చెయ్యడమంటే రోగి గుట్టును ఇంకో చోట దాచడమే. శిక్షణ కోసం తీసిన, 1965లో వచ్చిన ఒక సినిమాలో గ్లోరియా అనే ఆవిడ వరసగా రోజర్స్, పెర్ల్స్, ఎల్లిస్ అనే ముగ్గురు చికిత్సకులతో మాట్లాడింది. అరవై ఏళ్ళుగా దేశదేశాల్లో విద్యార్థులు ఆవిడ ముఖం చూస్తూ నేర్చుకుంటున్నారు, నేనూ నేర్చుకున్నాను. ఆవిడ ఒక్క పూట చెప్పుకున్నది ఎన్ని తరాల తరగతి గదుల్లో ఆడింది! ఇవాళ ఫోన్‌లో తీసిన అరనిమిషం వీడియో అంతకన్నా వేగంగా పోతుంది. ‘కేసు డిస్కషన్’ పేరుతో నడిచే వాట్సాప్ గ్రూపుల్లో రోగుల ముఖాలు కనిపిస్తే నాకు కడుపు రగులుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కు అంటోంది. గ్రూపులో పెట్టేవాళ్ళు ఆ సెక్షన్ మీద పరీక్ష రాసి పాసైనవాళ్ళే.

సార్ అనుమతి అడిగే తీరు చెబుతాను. టేపు ఎందుకో, ఎవరు వింటారో, ఎప్పుడు చెరిపేస్తామో చెప్పి అడగమనేవారు. వాళ్ళు సరే అన్నాక మరోసారి అడగమనేవారు. “మొదటి సరే డాక్టరుకు భయపడి అంటారమ్మా. రెండోసారి అడిగితే నిజంగానే అడుగుతున్నామని తెలుస్తుంది.” రెండోసారి చాలామంది వద్దనేవారు. వద్దన్నవాళ్ళకు ఆ రోజు చీటీ ముందు రాసిచ్చేవారు, వద్దన్నందుకు ఏమీ పోదని వాళ్ళకు కనబడాలని.

ఇక మనం చెయ్యవలసినదానికి పెద్ద ఖర్చులు అక్కర్లేదు. శిక్షణలో ఉన్న ప్రతి విద్యార్థీ ఏడాదికి కనీసం పది సంభాషణలు, రెండుసార్లు అడిగి ఒప్పించుకుని, రికార్డు చేసి, గురువు పక్కన కూర్చుని వినాలి. ఫోన్ సంస్థది కావాలి, విద్యార్థిది కాకూడదు. నెట్‌కు కలపకూడదు. విన్నాక చెరిపేయాలి. కేసు షీటులో మొదటి పంక్తి రోగి సొంత మాటగా, తెలుగు లిపిలో ఉండాలి, ఆ కింద ఇంగ్లీషు ఏమైనా రాసుకోండి. గురువులకు తీరిక ఎక్కడిది అంటారు. ఆన్‌లైన్‌లో ఒకే ఉపన్యాసం ఏడాదికి నలభైసార్లు చెబుతున్నాం కదా. ఒకసారి రికార్డు చేసి పంపేసి, మిగిలిన ముప్పై తొమ్మిది గంటలూ వినడానికి పెట్టుకోవచ్చు. నేనూ ఆ లెక్కలో దోషినే.

సార్ పోయాక మేడమ్ గారు ఆ అట్టపెట్టె నాకిచ్చారు. నలభై పైచిలుకు క్యాసెట్లు. ఏ ఒక్కదాని మీదా రోగి పేరు లేదు, విద్యార్థి పేరులో మొదటి అక్షరం, తేదీ, ‘చెరిపింది’ అని ఎర్ర సిరాతో ఒక గీత. నా అక్షరం ఉన్నది తీసి, పాత టూ-ఇన్-వన్ బాగుచేయించి పెట్టాను. ఆయన చెరిపే పద్ధతి అప్పుడు తెలిసింది. రేడియో పెట్టి, రికార్డు బొత్తం నొక్కి, తన పనికి వెళ్ళిపోయేవారు కాబోలు. నా రోగుల మాటల మీద అరగంటపాటు వ్యవసాయదారుల కార్యక్రమం ఉంది. వరిలో కాండం తొలిచే పురుగు గురించి ఎవరో పెద్దాయన ఓపిగ్గా చెబుతున్నారు. మొత్తం విన్నాను.

కార్యక్రమం టేపు కంటే ముందే అయిపోయింది, అప్పుడు వచ్చి ఆపేసి ఉంటారు. చివర్న కొద్ది సెకన్లు చెరగని పాత ముక్క మిగిలింది. కుర్చీ జరిపిన చప్పుడు. నా గొంతు, “మళ్ళీ మంగళవారం రండమ్మా.” ఆవిడ గొంతు, “వస్తా తల్లీ, ఇయ్యాల కొంచెం...” అక్కడితో టేపు అయిపోయింది.

వెనక్కి తిప్పి ఇంకొక్కసారి విన్నాను. తరవాత ఆ కొస కూడా చెరిపేశాను. రేడియో పెట్టలేదు, ఫ్యాను చప్పుడు రికార్డయింది.